పాదములు కడుగు చోటు

సికింద్రాబాదు నుండి నిజామాబాదు పోవు రైలుమార్గమున, పట్టణమింకను కొంత దూరముండగనే డిచ్‌పల్లి యను స్టేషను వచ్చును. ఆ పేరు వినగానే దేవాలయ శిల్పమునందు అభిరుచి గలవారికి గుట్టమీది రామాలయము మనస్సునకు వచ్చును. ఇప్పటి విద్యార్థులకు తెలంగాణ విశ్వవిద్యాలయము స్ఫురించును. ఈ రెంటితోను సంబంధము లేక, ఆ పేరు వినబడినంతనే గొంతు తగ్గించుకొని మాట మార్చిన కుటుంబములు కూడ ఈ ప్రాంతమున కలవు. ఇంటిలో నొకరికి ఒంటిమీద పాలిపోయిన మచ్చ పుట్టి, ఆ మచ్చమీద సూది గ్రుచ్చినను తెలియకపోయినప్పుడు, రాత్రివేళ బండి కట్టి, ఇరుగుపొరుగువారు లేవకమునుపే ఊరు దాటించి, ఆ యొక్కరిని తెచ్చి దింపిపోయిన చోటు డిచ్‌పల్లి. 1915లో ఏర్పడిన విక్టోరియా కుష్ఠువైద్యశాల ఇక్కడనే యున్నది.

నేనచ్చటికి పోయినది రోగమును గూర్చి తెలిసికొనుటకు గాదు. ఈ రోగమునకు మందు కలదనియు, ఆ మందు తప్పక పనిచేయుననియు లోకమెరిగిన విషయమే. క్రిమి నశించిన పిదప, మచ్చ మానిన పిదప, వైద్యుడు 'నీకిక రోగము లేదు' అని చీటీ వ్రాసి యిచ్చిన పిదప గూడ, ఒక మనుష్యుని లోపల మానక మిగిలిపోవు పుండు ఒకటి యుండును. కన్నవారు తన్ను విడిచి వెనుదిరిగి పోవుచుండగా చూచిన కన్నులలోని పుండది. దానికి మందేమిటి? ఆ మందు నెవరు వేయుదురు? క్రీస్తు పేరు చెప్పుకొని నూరేండ్లకు పైగా ఈ పనియందున్న వారి నడుమ కొంతసేపు కూర్చుండి, అది యెట్లు జరుగుచున్నదో చూడగోరి పోయితిని.

ఈ వైద్యశాలకు ఆది యొక స్త్రీ సంకల్పము. ఇసబెల్ కెర్ అను స్కాట్లండు దేశస్థురాలు ఆబర్డీన్ విశ్వవిద్యాలయమున వైద్యవిద్య నభ్యసించి, మెథడిస్టు పాదిరియైన భర్త జార్జి కెర్‌తో గూడ 1907లో హైదరాబాదు రాజ్యమునకు వచ్చెను. నిజామాబాదు ప్రాంతమున వైద్యము చేయుచు, చెట్లక్రిందను ఊరి వెలుపలి పాడుగోడల చాటునను పడియున్న కుష్ఠురోగులను చూచి, వీరికి చేయదగినదేమియు లేదని తక్కినవారు చెప్పిన మాటతో ఆమె సమాధానపడలేకపోయెను. 1911లో నిజామాబాదులో వారికొరకొక చిన్న ఆశ్రయమును ప్రారంభించెను. తలుపు తెరచినంతనే చోటు చాలక పోయినది. అప్పుడు ముందుకు వచ్చినవాడు రాజా నర్సాగౌడ్. ఆయన హిందువు; తాను నమ్మిన దేవుని విడువలేదు; పెద్ద మొత్తమున ధనమిచ్చి డిచ్‌పల్లిలో ఈ వైద్యశాల లేచి నిలుచుటకు కారకుడాయెను. ఈ సంస్థ చరిత్రలో నాకు మిక్కిలి ప్రియమైన ఘట్టమిది. గాయపడిన మనుష్యునివద్దకు రెండు వేర్వేరు ప్రార్థనలు చేయు ఇద్దరు మనుష్యులు రెండు దిక్కుల నుండి నడచివచ్చి కలిసికొనిరి.

ఆ దినములలో మందనదగినది చాల్‌మూగ్రా నూనె యొక్కటియే. మన సుశ్రుతుడు తువరకమని చెప్పిన జాతి చెట్టు గింజల నుండి తీయు నూనె అది. త్రాగిన వాంతి, సూదిద్వారా కండలోనికి ఎక్కించిన దుస్సహమైన బాధ. కలకత్తా ఉష్ణమండల వైద్యకళాశాలలో డాక్టర్ మ్యూర్ మెరుగుపరచిన పద్ధతిని ఇసబెల్ కెర్ ఇక్కడికి తెచ్చి, రోగమింకను ముదరనివారిని చేర్చుకొని, నయమైనవారిని ఇండ్లకు పంపుటయే లక్ష్యముగా పెట్టుకొనెను. ఇది చిన్న సంగతి గాదు. కుష్ఠాశ్రమమనగా మరణించువరకు ఉండు చోటని లోకము తలచుచున్న కాలమున, ఇది తిరిగిపోవుటకు వచ్చు చోటని ఆమె నమ్మెను. 1923లో ప్రభుత్వము ఆమెకు కైజర్-ఇ-హింద్ పతకము నిచ్చినది. 1932లో ఆమె మరణించెను. ఇచ్చట పనిచేసిన డాక్టర్ జాన్ లో తరువాతి కాలమున నైజీరియాలోని ఉజువకోలికి పోయి, డాప్సోన్ అను బిళ్లను నోటిద్వారా ఇచ్చి కుష్ఠును అదుపు చేయవచ్చునని నిరూపించినవారిలో నొకడు. నూనె సూదులనుండి బిళ్లకు, బిళ్లనుండి 1980వ దశకమున మూడు మందుల కూటమికి చికిత్స నడచిన దారిలో డిచ్‌పల్లి యొక మజిలీ.

ఇంతవరకు చెప్పినది చరిత్ర. నేను లోనికి పోయినప్పుడు నన్ను ముందుగా ఆకర్షించినది చరిత్ర గాదు, ఒక పొడవైన వరండాలో వరుసగా పెట్టిన ప్లాస్టిక్ టబ్బులు. ఒక్కొక్క టబ్బులో రెండేసి పాదములు. నీరు వేడి నీరు కారాదు; ఎందుకనగా ఆ పాదములకు వేడి తెలియదు, కాలిపోయినను తెలియదు. మామూలు నీటిలో ఇరువది నిమిషములు నానబెట్టి, మెత్తబడిన అరికాలి ఆనెకాయలను గరుకురాతితో మెల్లగా రుద్ది, తడి యారకముందే నూనె పట్టించి, పగుళ్లను వ్రేళ్ల సందులను ఒక్కొక్కటిగా పరీక్షించి, పుండున్నచోట కట్టు కట్టుదురు. పని యంతయు ఇంతే. ప్రతిదినము ఇంతే. చెప్పుకొనుటకు గొప్పదనమేమియు లేదు. అయినను నేనచ్చట నిలువబడి చూచుచున్నంతసేపు నా కన్నులు వేరొక చోటికి పోలేదు.

కుష్ఠురోగమును గూర్చి మనలో చాలమందికి గల భావన తప్పు. మాంసము కుళ్లి వ్రేళ్లు రాలిపోవునని తలచెదము. హాన్సెన్ అను నార్వే వైద్యుడు 1873లో కనుగొన్న ఆ క్రిమి మాంసమును తినదు; చర్మము క్రిందను చేతులలోను కాళ్లలోను పారు నరములను పట్టి, స్పర్శజ్ఞానమును హరించును. పిదప జరుగు వినాశనమంతయు నొప్పి లేకపోవుటవలన జరుగునదే. వెల్లూరులో 1948 నుండి ఈ రోగుల వంకరపోయిన చేతులకు శస్త్రచికిత్స చేసి పట్టును మరల తెచ్చిన డాక్టర్ పాల్ బ్రాండ్ ఈ సత్యమును లోకమునకు విశదపరచెను. రాత్రి నిద్రలో ఎలుకలు వ్రేళ్లు కొరికిపోవుచున్నను ఆ రోగులకు మెలకువ రాదని తెలిసికొని, ఆయన ఇంటికి పోవు ప్రతివానికి ఒక పిల్లిని తోడిచ్చి పంపెనట. ముల్లు గ్రుచ్చుకొని చెప్పులోనే యుండిపోయినను మైళ్లు నడచెదరు; పొయ్యిమీది గిన్నెను వట్టిచేతులతో దించెదరు. నొప్పి తెలిసిన మనము కుంటుచు నడచి ఆ కాలికి విశ్రాంతి నిచ్చెదము, వారు కుంటరు. ఆ కుంటకుండుటయే వారి చేటు.

ఇచ్చట నాకొక సంగతి మనస్సునకు తట్టినది. దానిని చెప్పకుండ ముందుకు పోలేను. ఈ రోగికి రెండు పుండ్లు. పాదముమీది పుండు నొప్పి లేనిది. కనుక దానిని ఇంకొకరు చూచి చెప్పవలెను. మనస్సులోని పుండు నొప్పి తప్ప మరేమియు లేనిది. కాని దాని నెవరును చూడరు. రెంటికిని రెండవ మనిషి కావలెను. ఒకదానికి కన్నులు అరువియ్యవలెను, రెండవదానికి చెవులు. ఒంటరిగా నుండి బాగుపడుట అనునది ఈ రోగమునందు శరీరధర్మము ప్రకారమే అసాధ్యము.

వరండా చివర స్టూలుమీద కూర్చున్న ఒక వృద్ధురాలి పాదమును మోకాళ్లమీద నిలిచి ఒక సిస్టరు తన యొడిలోనికి తీసికొని యుండెను. ఆమె జేబులోని బాల్‌పెన్ను తీసి, 'అవ్వా, కండ్లు మూసుకో, తాకినప్పుడు ఏడ తాకిన్నో చెప్పు' అని, మడమను, అరికాలి వంపును, బొటనవ్రేలి మూలమును ఒక్కొక్కచోట మెల్లగా తాకుచుండెను. అవ్వ కన్నులు మూసికొని శ్రద్ధగా వేచియుండెను. పెన్ను ఐదారుచోట్ల తాకినది. అవ్వ పలుకలేదు. చీలమండ పైభాగమున తాకినప్పుడు మాత్రము 'ఆఁ, గాడ!' అని ఆనందముతో కేక వేసెను. సిస్టరు కూడ ఆ కేకకు సంతోషించి నవ్వెను.

నేను ప్రక్కన కూర్చుండి, 'అవ్వా, ఈ పుండు బాధ పెట్టుట లేదా?' అని యడిగితిని.

'గిది నొయ్యది బిడ్డా. నొస్తే బాగుండు. నొస్తలేదనే గద గింత దూరమచ్చింది' అనెను.

కొంతసేపటికి ఆమెయే తన కథ చెప్పసాగెను. పెండ్లియై, చంటిబిడ్డ యొడిలోనుండగా వీపుమీద మచ్చ కనబడినది. పెనిమిటి ఏమియు అనలేదట. అత్తగారు మాత్రము నీళ్లచెంబు వేరుపెట్టి, పిదప కంచము వేరుపెట్టి, పిదప కొట్టములో మంచము వేయించి, చివరకు బిడ్డను ఎత్తుకొనవద్దనెను. 'తిట్టలేదు బిడ్డా, కొట్టలేదు. ఒక్కొక్కటి దూరం జరిపిండ్రు' అని ఆమె యన్న మాట ఇప్పటికిని నా చెవిలో నున్నది. ఆ కొట్టములో ఆమె మూడేండ్లున్నది. అన్న వచ్చి ఇక్కడ దింపిపోయెను. మరల వచ్చెదనని చెప్పెను.

'గీడ వచ్చినంక వారమో పది దినాలో అయినై. అప్పటి సిస్టరమ్మ ఒకామె నన్ను గా వేపచెట్టు కింద కూసుండబెట్టి, తలకు నూనె రాసి, పేలు సూసింది. సిక్కు తీసుకుంట, కుక్కుకుంట, పొద్దూకేదాక సూసింది. మూడేండ్లల్ల నన్ను ముట్టిన మనిషి ఆమెనే. నేను ఏడ్సుడు ఆపలే. నొస్తుందా అని అడిగింది. నొస్తలేదమ్మా అన్న.'

ఆ వేపచెట్టు ఏదో నేనడుగలేదు. అచ్చట వేపచెట్లు చాల కలవు.

మన పల్లెలలో ఒకరి తలలో నొకరు పేలు చూచుట ప్రేమలోని మిక్కిలి సామాన్యమైన చర్య. తల్లి బిడ్డకు, అక్క చెల్లెలికి, వదిన మరదలికి మధ్యాహ్నపుటెండ తగ్గువేళ చేయునది. దానికి వైద్యశాస్త్రమున పేరు లేదు, ఆసుపత్రి పద్దులలో గడి లేదు. కాని ఆ సాయంకాలము ఆ స్త్రీ వెలినుండి లోనికి వచ్చినది. ఆమె రోగము మానుటకు మందు రెండేండ్లు పట్టినదట. మనిషిగా నుండుటకు ఆమెకు మరల అనుమతి దొరికినది మాత్రము ఆనాడే. 'ప్రభువు ముట్టిండు అంటరు మా అయ్యగారు ప్రసంగంల. నాకైతే ఆ సిస్టరమ్మ చెయ్యే ప్రభువు చెయ్యి' అని ఆమె యనినప్పుడు, ఎన్నియో వేదాంత గ్రంథములు తిప్పినను నాకు దొరకని వ్యాఖ్యానము దొరకినట్లాయెను.

మార్కు సువార్త మొదటి అధ్యాయములోని కథను క్రైస్తవులందరు నెరుగుదురు. ఒక కుష్ఠరోగి వచ్చి, నీకిష్టమైతే నన్ను శుద్ధుని చేయగలవని వేడుకొనెను. ఏసు జాలిపడి, చేయి చాపి వానిని తాకెను. ఆ పిదప మాట పలికెను. ఈ వరుసను గమనింపవలెను. మాట చాలును, మాటతో స్వస్థపరచిన సందర్భములు సువార్తలలో కలవు. ఇక్కడ మాటకు ముందు స్పర్శ వచ్చినది. శుద్ధుడైన పిమ్మట తాకుట ఎవరైనను చేయగలరు. శుద్ధుడు కాకమునుపే, ధర్మశాస్త్రము తాకరాదని చెప్పినప్పుడే, తాకెను. డిచ్‌పల్లి వరండాలో టబ్బులముందు మోకాళ్లూనిన వారికి ఈ వరుస అలవాటైపోయినది. దానిని గూర్చి వారు ప్రసంగింపరు.

చెప్పులు కుట్టు గదిని త్వరగా చూచి వచ్చితిని. మైక్రోసెల్యులర్ రబ్బరు అను మెత్తని అట్టను పాదపు కొలత ప్రకారము కోసి, పుండు పడు చోట బరువు పడకుండ లోతుచేసి, వెనుక పట్టీ వేసి కుట్టెదరు. మేకులు కొట్టరు, జిగురుతోను దారముతోనే పని. బయట దొరకు చెప్పులవలె కనబడునట్లు రంగు వేయుట ముఖ్యమని కుట్టువాడు చెప్పెను. ముందు ఒకే తీరుగా నల్లగా చేసిన చెప్పులు తొడిగికొని ఊరిలోనికి పోయిన, చెప్పు చూచియే ఫలానా రోగియని జనులు గుర్తుపట్టిరట. అందువలన పుండు మాన్పు చెప్పును మూలన పారవైచి, వట్టికాళ్లతో నడచినవారున్నారట. పాదమును కాపాడవలెనన్న ముందు పరువును కాపాడవలెనని చెప్పులు కుట్టువాడు నేర్చుకొనెను.

సాయంకాలము ప్రార్థనకు గంట కొట్టిరి. మందిరములో చాపలమీద కొందరు, కాళ్లు ముడువలేనివారు బెంచీలమీద కొందరు కూర్చుండిరి. వ్రేళ్లు లేని అరచేతులతో కొట్టు చప్పట్లకు శబ్దము తక్కువ. కాని తాళము తప్పలేదు. ప్రార్థనయందు ఒక్కొక్కరు ఒక్కొక్క పేరు చెప్పుచుండిరి: తమ కుమారుని పేరు, విడిచిన భార్య పేరు, ఊరిలో కాపురమున్న చెల్లెలి పేరు. తమకై యడుగువారు తక్కువ. వారు ప్రార్థించుచున్నవారిలో సగముమంది వీరి ముఖము చూచి ఎన్నియేండ్లయినదో!

ప్రార్థనానంతరము అక్కడి పాస్టరుగారితో చాలసేపు మాటాడితిని. నా మనస్సులోని ప్రశ్న దాచుకొనలేదు. ఈ రోగులకు గాయము చేసినవారిలో మతము కూడ లేదా? లేవీయకాండములో చర్మరోగి పాళెము వెలుపల నివసింపవలెనని, అపవిత్రుడనని తానే కేకలు వేయవలెనని యున్నది గదా. మన ధర్మశాస్త్రములును వీనిని పూర్వజన్మ పాపఫలముగా చెప్పినవి గదా. మరి ఆ మతమే మందుగా నెట్లు మారును?

ఆయన కొంతసేపు ఊరకుండి, 'అవునండీ. మా దగ్గరికి వచ్చేవాళ్లలో ఎక్కువమంది మొదటి ప్రశ్న ఒకటే: అయ్యగారూ, నేనేం పాపం చేసిన? మందు గురించి కాదు, ఇల్లు గురించి కాదు. ఆ ప్రశ్న వాళ్లకి ఎవరో నేర్పించిందే' అనెను. అప్పుడు యోహాను సువార్త తొమ్మిదవ అధ్యాయమును గూర్చి చెప్పెను. పుట్టుగ్రుడ్డిని చూపి, వీడు పాపము చేసెనా వీని తలిదండ్రులు చేసిరా యని శిష్యులడుగగా, ఏసు ఆ ప్రశ్ననే నిరాకరించెను. ఇద్దరును గారని చెప్పెను. 'నేను ముందు ఆ కథే చదువుత. ఒక్కసారి కాదు, మళ్లీ మళ్లీ. కొందరికి ఆర్నెల్లు పడుతది ఆ ఒక్క మాట లోపలికి పోనీకె. క్రిమికి ఆర్నెల్ల మందు, ఈ మాటకి కూడ ఆర్నెల్లు.'

విశ్వాసము చేయు వైద్యమును గూర్చి నా యభిప్రాయమును ఇచ్చట స్పష్టముగా చెప్పవలసియున్నది. ప్రార్థించితిమి, మచ్చ మాయమైనది, మందు మానివేయుడని చెప్పు స్వస్థత కూటములను నేను సమ్మతింపను. మందు మానిపించిన ప్రార్థనవలన వంకరపోయిన చేతులను నేనచ్చటనే చూచితిని. అట్లే, పన్నెండు నెలలు బిళ్లలు మింగించి, రిజిస్టరులో పేరు కొట్టివైచి, పని యైపోయినదనుకొను వారితోను నేను ఏకీభవింపలేను. విశ్వాసము క్రిమిని చంపదు. విశ్వాసము చేయునది వేరు: ఒక మనిషి మరియొక మనిషి పాదమును చేతిలోనికి తీసికొనుటకు వెనుదీయకుండ చేయును, ఆ పని నేడు చేసి విసుగుచెంది రేపు మానకుండ, ఎవరును చూడకున్నను, పొగడకున్నను, ఏండ్లకొలది చేయించును. శిష్యుల పాదములు కడిగిన గురువును దేవుడని నమ్మినవారికి పాదములు కడుగుట నీచకార్యము కాజాలదు. ఆ నమ్మిక లేనివారు సైతము ఈ పని చేయగలరు, చేసియున్నారు. కుష్ఠురోగులకు సేవచేసిన బాబా ఆమ్టేను మనమెరుగుదుము. కాని ఈ వరండాలో దీనిని నడిపించుచున్నది ఈ నమ్మికయే యని చూచినవాడెవడును కాదనలేడు.

చట్టము సైతము ఈ పుండును ఎంతకాలమో కెలకుచుండెను. దిక్కులేని కుష్ఠరోగులను పట్టి వేరుగా నుంచుటకు 1898లో చేసిన చట్టము స్వతంత్ర భారతమున గూడ కాగితముమీద నిలిచి, 2016లో గాని రద్దు కాలేదు. భార్యకో భర్తకో కుష్ఠున్నచో విడాకులు కోరవచ్చునను నిబంధనను తొలగించుటకు 2019 వరకు పట్టినది. దేశమున రోగము పదివేలకొకరికన్న తక్కువకు దిగినదని 2005 చివరనే ప్రకటించితిమి. అనగా, ఆరునెలలలోనో పన్నెండు నెలలలోనో నయమగు రోగము విడాకులకు కారణము కారాదని ఒప్పుకొనుటకు ఆ పిదపను పదమూడేండ్లకు పైగా పట్టినది. ఇంతలో ఎన్ని కాపురములు విచ్ఛిన్నమైనవో ఎవరు లెక్కింతురు!

గాయములన్నిటిలో మానుటకు కష్టమైనది ఇంటి గాయము. ఇక్కడివారికి అది బాగుగా తెలియును. నయమైనవానిని ఇక్కడనే యుంచుకొనుట సులభము. తిండి కలదు, తోడు కలదు, పాట కలదు, ఎవరును తేరిపార చూడరు. కాని ఇసబెల్ కెర్ కోరినది అది కాదు, సువార్త కోరునదియు అది కాదు. గెరాసేనుల దేశమున సమాధులలో తిరుగుచుండిన పిచ్చివాడు స్వస్థుడై, నీతోనే వచ్చెదనని వేడుకొనగా, ఏసు ఒప్పుకొనక, నీ యింటివారియొద్దకు పొమ్మని పంపెను. ఆ కథ చదివినప్పుడెల్ల అది కొంత కఠినముగా నాకు తోచుచుండెడిది. ఇక్కడ కూర్చుండి ఆలోచించగా, స్వస్థత పూర్తియగుటకు ఆ యింటి గడప దాటవలసియున్నదని, ఆ గడప ఇటువైపువారికి మాత్రమే గాక అటువైపువారికిని చికిత్స యని బోధపడినది.

అవ్వ విషయమున ఆ గడప ఎట్లు దాటబడెనో సిస్టరు చెప్పెను. సంస్థవారు చాలమారులు ఊరికి పోయిరి. మొదట తలుపు తీయలేదు, పిదప నీళ్లిచ్చిరి, పిదప కూర్చుండుమనిరి. చంటిబిడ్డగా విడిచిన కుమారుడు పెరిగి, పెండ్లియాడి, తండ్రియై, తల్లి చనిపోయినదనియే నమ్మియుండెను. నిజము తెలిసిన దినమున అతడు మాటాడలేదట. రెండు నెలలకు ఒంటరిగా వచ్చి, గేటువద్ద నిలువబడి, లోనికి రాక మరలిపోయెను. మరియొకమారు వచ్చి లోనికి వచ్చెను. తల్లి వానిని గుర్తుపట్టలేదు; కట్టు కట్టించుకొనుటకు వచ్చిన కొత్తరోగి యనుకొని, 'కూసో కొడుకా, భయపడకు, గీడ అందరు మంచోళ్లే' అని స్టూలు జరిపెనట.

ఇప్పుడామె సంక్రాంతికి, పిల్లల పరీక్షలైన పిదప వేసవికి ఊరికి పోయి కొన్నాళ్లుండి వచ్చును. పూర్తిగా పోవుట కింకను మనసు రాలేదు. 'కోడలు మంచిదే. కని నేను గిన్నె ముట్టినంక ఒక్కపారి సూస్తది. సూసి, ఏమనది. ఆ సూపు పోవాలె' అని ఆమె నాతో చెప్పెను. నేను కోడలిని నిందింపబోగా అవ్వ వారించి, 'ఆమెకు భయం నేర్పినోళ్లు వేరే. ఇంత దూరం వచ్చింది గద, ఇంకింత వస్తది' అనెను. తనకు వెలి విధించిన లోకముమీద ఆమెకింత ఓర్పు ఎక్కడిదని నేనడిగినచో ఆమె సమాధానము నాకు తెలియును, కనుక అడుగలేదు.

మరునాడు ఉదయము ఔట్‌పేషెంటు గదియొద్ద ఒక తల్లి, పదునైదేండ్లు దాటని కుమారుడు కూర్చుండి యుండిరి. బాలుని మోచేతి పైన అరచేయంత మచ్చ. రోగము పోయినదని మనమనుకొనుచున్నాము గాని, లోకములో ఏటేట కొత్తగా బయటపడు కుష్ఠరోగులలో సగమునకు పైగా మనదేశమువారే. తల్లి కొంగుతో ముఖము సగము కప్పుకొని, ఎవరైనను ఎరిగినవారు చూతురేమోయని తలుపువైపు చూచుచుండెను. సిస్టరు మందు వాడుకను గూర్చి చెప్పుచుండగా, చెప్పులకొరకు వచ్చిన ఒక వృద్ధుడు, ఒక చేతి వ్రేళ్లు ముడుచుకొనిపోయినవాడు, ఎవరును పిలువకయే వచ్చి బాలుని ప్రక్కన కూర్చుండెను.

'నా చెయ్యి సూస్తున్నవా? సూడు, మంచిగ సూడు. నేను మచ్చ పుట్టిన ఏడెనిమిదేండ్లకు వచ్చిన. సిగ్గుకు దాసుకున్న. నువ్వు టైముకు వచ్చినవ్. నీకు గిట్ల కాదు' అని, ఆ ముడుచుకొనిన చేతిని బాలుని భుజముమీద వేసెను. బాలుడు ముందు బిగుసుకొనెను. పిదప అట్లే యుండెను.

తల్లి చివరకు నోరు విప్పి, లోగొంతుకతో, 'సిస్టరమ్మా, ఇంట్ల వీనికి కంచం వేరే పెట్టాలెనా?' అని యడిగెను.

సిస్టరు నోరు తెరచునంతలోనే ముసలివాడు, 'వద్దు బిడ్డా! ఆ ఒక్క పని చెయ్యకు' అని గట్టిగా అనెను. పిదప సిస్టరు నెమ్మదిగా వివరించెను: మందు మొదలుపెట్టినంతనే అంటు పోవును, చాలమందికి ఈ క్రిమిని ఎదిరించు శక్తి పుట్టుకతోనే యుండును, ఇంటిలోని తక్కిన పిల్లలను కూడ ఒకమారు తీసికొనివచ్చి చూపింపవలెను, వారికి ముందుజాగ్రత్తగా ఒక్క మోతాదు మందిత్తురు, వీనికి ఆరు అట్టలు, ఒక్కొక్క అట్ట ఇరువది యెనిమిది దినములకు, బడి మానవలసిన పని లేదు. తల్లి విన్నదానిని మరల మరల చెప్పించుకొని, మొదటి అట్టను సంచిలో పెట్టుకొనెను. ఇరువది యెనిమిదవ దినము ఏ వారమున పడునో సిస్టరు క్యాలెండరులో చూచి చీటీ వ్రాసి యిచ్చెను. ఆ నాడు తనకు కూడ కట్టు మార్చుటకు రావలసియున్నదని, తొమ్మిదింటి బస్సుకు వచ్చి వరండాలోనే యుందునని ముసలివాడు బాలునికి చెప్పెను.